ఉప్పు చూసే మనిషి

కూర ఉడికిందంటే చాలు, గరిటెలో కాస్త తీసుకుని హాల్లోకి పరిగెత్తాలి. మా ఇంట్లో ఉప్పు చూసేది మా ఆయన. మామగారున్న రోజుల్లో ఆయన చూసేవారట. ఆయన పోయాక హాల్లో ఆయన కుర్చీ, ఆ పని ఈయనకొచ్చాయి. అరచేతిలో వేయించుకుని, నాకి, కళ్లు మూసుకుని తీర్పు చెబుతారు. కాపరానికొచ్చిన కొత్తలో నేనే చూసి దించేస్తే, "నీకేం తెలుస్తుంది?" అన్నారు. అప్పట్నుంచి నా నాలుక మీద నాకే అనుమానం పట్టుకుంది.

నవ్వొచ్చేదేమిటంటే, నేను కాలేజీలో చెప్పేది తత్వశాస్త్రం. నిన్ననే చెప్పాను: "పసిబిడ్డకి పాలు తాగడం ఎవరు నేర్పారు? కొన్ని పుట్టుకతోనే తెలుస్తాయి. కంటికి కనబడ్డదాన్ని, నాలుకకి తగిలినదాన్ని నమ్మడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంగితజ్ఞానమంటే అదే." ముందు బెంచీ పిల్ల లేచి, "మరి పక్కవాళ్లు కాదంటే మేడమ్?" అంది. "అన్నా సరే, నీ నాలుక నీదే" అని దర్జాగా చెప్పి, ఇంటికొచ్చి గరిటె పట్టుకుని పరిగెత్తాను.

ఇవాళ ఈయనకి జలుబు. ముక్కు దిబ్బడేసి, కాఫీకీ వేణ్ణీళ్లకీ తేడా తెలియడం లేదు. అయినా చెయ్యి చాపారు. "చాల్లేదు." సరిపోయిందని నా నాలుక మొత్తుకుంటోంది. వేశాను. "ఇంకాస్త." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు ఈయనకి. మళ్లీ వేశాను, చదువుకున్న గాడిదని.

భోజనాల దగ్గర ఈయన నిమ్మళంగా తింటున్నారు. అత్తయ్య మొదటి ముద్దకే గ్లాసెడు నీళ్లు తాగేశారు. ఈయన ఆవిడ మొహం చూసి నా వైపు తిరిగారు. "ఉప్పు కుమ్మరించావా? రుచి చూసుకోవద్దూ? నీకు నాలుక లేదా?"

కోపం రావాల్సింది, పొలమారేంత నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ నా నోట్లోనే ఉన్న నాలుకకి ఏమీ తెలియదనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని. "ఉందండీ. సరిపోయిందని మొదట్లోనే చెప్పింది. నేనే దాని మాట వినలేదు. ఇక వింటాను" అన్నాను.

సాయంత్రం కూర దించబోతూ నేనే చూశాను. భలే కుదిరింది. ఆశకొద్దీ ఇంకో చుక్క కూడా వేసుకున్నాను. హాల్లోంచి "చూడాలా?" అని కేక. "చూసేశానండీ" అని పొయ్యి కట్టేశాను. ప్రాణం తేలికపడింది.

అత్తయ్య వంటింట్లోకి వచ్చి గుమ్మం వైపోసారి చూశారు. "ఇన్నేళ్లు వండాను. దించకముందు నా నోట్లో ఒక్క చుక్క వేసుకుని ఎరగనే. ఏదీ, కాస్త వెయ్యి" అన్నారు. వేశాను. చాలాసేపు చప్పరించారు.

"బాగుంది. నాకైతే ఇంకో చిటికెడు పడాలి."

ఆవిడ నోట "నాకైతే" అన్న మాట వినడం నాకదే మొదలు.