లాడం ముక్క మింగిన గుడ్ల పెట్టె

నేను ఒక గుడ్లు పొదిగే పెట్టెను. తల్లి లేని గుడ్లకు తల్లినని నన్ను అమ్మినవాడు చెప్పాడు. అమ్మేవాళ్లు చాలా చెప్తారు.

పట్నం చివర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. థర్మాకోలు గోడలు, రెండు బల్బులు, ఒక ఫ్యాను, వేడిని కొలిచే చిన్న బోర్డు. ఫ్యానుకూ బోర్డుకూ ఇంటి కరెంటు ఎక్కువ. దాన్ని తగ్గించి వాటికి అందించే పని చింతగింజంత చిప్పుది. నన్ను చేసినవాడు దాని మీది పేరును గరుకు కాగితంతో గీకేశాడు. పేరు తెలిస్తే పక్క షెడ్డువాడు నాలాంటివి చేసేస్తాడని భయం.

మొదట అనంతపురంలో ఒక ఉద్యోగి కౌజు పిట్టల కోసం నన్ను కొన్నాడు. వాసనకు ఆయన ఇల్లాలు "పెట్టె ఉండాలా, నేనుండాలా?" అంది. ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. అందుకే గొడవ పెద్దదయింది. చివరికి నన్ను వాళ్లింటికి వేరుశనగ తెచ్చే గంగులప్పకు ఇచ్చేశారు.

గంగులప్పది కదిరి దగ్గర పల్లె. భార్య అక్కులమ్మ పోయి ఏడాదయింది. ఆమె సాకిన కోళ్లు మెడ మీద ఈకలు లేని జాతి. ఆ వేసవిలో తెగులు వచ్చి అన్నీ పోయాయి. మిగిలినవి వాటి చివరి గుడ్లే. అవి పిల్లలు కాకపోతే ఆమె కోళ్ల జాతి ఆ ఇంట్లో అంతటితో సరి. గంగులప్ప గుడ్లను ఒక్కొక్కటే రెండు చేతులతో పట్టి నాలో పెట్టాడు.

పొదుగు సగానికి వచ్చింది. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరిమింది. ఉరుముకు గుడ్లు మురిగిపోతాయని ఆ వైపు నమ్మకం. పొదిగే గంపలో ఇనుప ముక్క వేస్తారు. అక్కులమ్మ ఎద్దు లాడం ముక్క వేసేది. గంగులప్ప దాన్ని వెతికి తెచ్చి, నేనూ గంపనే అనుకుని, గుడ్ల తట్ట కింద పెట్టాడు. సాయంత్రం గుడ్లు తిప్పేటప్పుడు అది జారి సందులోంచి నా చిప్పు ఉన్న చోట పడింది. టప్పుమంది. ఫ్యాను ఆగింది. చీకటి.

గంగులప్ప గుడ్లను పక్కింటి ఓబులక్కకు ఇచ్చాడు. ఆమె కోడి పొదుగులో ఉంది. దాని కింద పట్టినన్ని పెట్టింది. మిగతావి గుడ్డలో చుట్టి, గంపలో వేసి పొయ్యి పక్కన ఉంచింది. తెల్లారగానే నేను కదిరికి వెళ్లే బస్సెక్కాను, గంగులప్ప ఒడిలో.

రేడియోలు బాగుచేసే పీరా నా అడుగు విప్పి, లాడం ముక్కను పట్టకారుతో పైకెత్తాడు.

"ఏం మామా, దీంట్లో ఎద్దును గూడా పొదిగిస్తాండావా?"

గంగులప్ప నవ్వలేదు. "అయితాదా, కాదా? అది చెప్పు."

చిప్పు నడుమ పగిలింది. పీరా భూతద్దం పెట్టి చూశాడు. పేరు లేదు. పేరుంటే దాని ఏ కాలు ఏ పని చేస్తుందో ఫోనులో దొరికేది. నన్ను చేసినవాడికి ఫోను చేశాడు. వాడు చిప్పు పేరు చెప్పలేదు. కొత్త బోర్డు పంపుతాడట, వారం పైన పడుతుందట.

"వారమా? గుడ్లకు చెప్పి రాపో" అన్నాడు గంగులప్ప.

పాత డీవీడీ ప్లేయరులోంచి అన్నే కాళ్లున్న చిప్పును ఊడదీసి పీరా నాకు అతికించాడు. నేరుగా కరెంటు ఇవ్వలేదు. మధ్యలో ఒక బల్బు కట్టాడు. లోపల తప్పుంటే ఆ బల్బు భగ్గుమంటుంది, బాగుంటే ఒకసారి మినుక్కుమని ఆరిపోతుంది. భగ్గుమంది.

పీరా గడ్డం గోక్కున్నాడు. తర్వాత చిప్పును వదిలేసి, దాని కాళ్లు ఎక్కడెక్కడికి పోతున్నాయో వేలితో వెతకడం మొదలుపెట్టాడు. చివరికి ఫ్యాను వెనక చీటీ చదివాడు. పన్నెండు వోల్టులు. వేడి కొలిచే బోర్డు మీదా అదే.

"సచ్చినోని పేరు మనకేంటికి మామా? వాడు చేసే పని తెలిసిపాయ. ఆ పని చేసేటోణ్ణి ఇంకొకణ్ణి పెడదాం."

మూల పడి ఉన్న ఒక టీవీ డబ్బా అడాప్టరు తీశాడు. అదీ పన్నెండు వోల్టులదే. కాలిన భాగాన్ని నాలోంచి కోసేసి, దాని తీగలు కలిపాడు. గంగులప్ప బల్బు వైపు చూడలేక వీధి వైపు తిరిగాడు. బల్బు మినుక్కుమని ఆరింది. నా ఫ్యాను తిరిగింది.

"ఇటు తిరుగు మామా. ఆరిపాయ."

"ఆరిపాయనా!" గంగులప్ప చటుక్కున ఇటు తిరిగాడు.

"ఆరితేనే మంచిది. చూడు, ఫ్యాను."

ఇంటికి చేరాక గుడ్లు తెచ్చిన ఓబులక్క సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బతికినన్నాళ్లూ అక్కులమ్మ మాట ఒక్కటన్నా ఇన్యావా? సచ్చినాక ఇని, పెట్టెను కాల్చుకుంటివి."

గంగులప్ప తల వంచుకుని గుడ్లను నాలో సర్దాడు. ఆమె అన్నది నిజం. నేనూ ఆయన్ని క్షమించలేదు.

గుడ్లలో చాలా మురిగాయి. కొన్ని మాత్రం లోపలి ముక్కుపోటుకు చిట్లాయి. మొదట బయటికి వచ్చిన పిల్ల తడిగా, వంకరగా, మెడ బోడిగా ఉంది. గంగులప్ప దాన్ని అరచేతిలో పెట్టుకుని, "వస్తివా" అన్నాడు.

ఇప్పుడు ఆ పెరట్లో బోడిమెడ కోళ్లు బోలెడు. రెండు వానాకాలాల చెమ్మకు నా బోర్డు పోయింది. గంగులప్ప కదిరికి వెళ్లలేదు. నా తలుపు ఊడదీసి, లోపల గడ్డి పరిచి, ఒక కోడిపెట్టను కూర్చోబెట్టాడు. నాలో కరెంటు లేదు, వేడి ఉంది. గడ్డి కింద లాడం ముక్క ఉంది. ఉరిమినప్పుడల్లా గంగులప్ప వచ్చి, అది ఉందో లేదో తడిమి చూస్తాడు. కోడి ఆయన చేతిని పొడుస్తుంది.

పొడవనీ.