ఫ్యాన్ రెక్కల మీది పేర్లు

మా చర్చి హాలులో ఫ్యాన్లు పద్నాలుగు. ఒక్కో ఫ్యానుకు మూడు రెక్కలు, ఒక్కో రెక్క మీద ఇచ్చినవారి పేరు ఎర్ర రంగులో. స్విచ్ వేస్తే ఆ పేర్లు చదవలేం. అందుకని ఆరాధన అయ్యేదాకా ఫ్యాన్లు వేయొద్దంటారు దాతలు. మేం చెమటలు కక్కుతూ దేవుణ్ణి స్తుతిస్తాం.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. అందుకే సంఘం నాకు సెక్రటరీ పని అంటగట్టింది. ఏ సేవకు ఎవరేమిచ్చారో ఆదివారం మైకులో చదవాలి. పేరు కనబడేచోట డబ్బు ఎగబడి వస్తుంది. కనబడనిచోట చిల్లిగవ్వ రాలదు.

కనబడనివాటిలో మా వ్యాను టైర్లు ఒకటి. వారానికి మూడుసార్లు ఆ వ్యాను ఐదుగురు కిడ్నీ రోగుల్ని డయాలసిస్‌కు తీసుకెళ్తుంది. వాళ్లలో మా పిన్ని ఉంది. అమ్మ పోయాక నలుగురిళ్లలో గిన్నెలు తోమి నన్ను చదివించింది ఆవిడే.

శుక్రవారం డ్రైవర్ టైరును కాలితో తన్ని చూపించాడు. "బోడిగుండులా అరిగిపోయాయమ్మా. సోమవారం నేను బండి తీయను. దారిలో పేలితే ఆ పాపం నా మెడకి చుట్టుకుంటుంది."

ఒక్కసారి తప్పితే పిన్ని కాళ్లు వాస్తాయి. రెండోసారీ తప్పితే ఊపిరాడదు.

శనివారం కమిటీలో టైర్ల మాట ఎత్తాను. కమిటీకి పెద్ద కాంట్రాక్టరుగారు. పోయిన తండ్రి పేరిట ఆ నెలలోనే కొత్తగా ఆరు ఫ్యాన్లిచ్చారాయన. కప్పుకు కొక్కేలు మిగల్లేదు కాబట్టి అవి సామాన్ల గదిలో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"టైరు మీద పేరెలా రాస్తారమ్మా? మా నాన్నని బురదలో దొర్లించమంటావా?" అన్నారాయన.

అందరూ నవ్వారు. పాస్టరుగారూ నవ్వి, "ఈ సంగతి ప్రార్థనలో పెడదాం" అన్నారు. ప్రార్థనకు ఖర్చు లేదు మరి.

బయటికొచ్చాక పాస్టరుగారిని ఆపాను. "ఆ ఫ్యాన్లు ఇచ్చేసి టైర్లు తేనా అయ్యగారూ?"

"నన్నడక్కమ్మా. నేను వినలేదు" అని సామాన్ల గది తాళంచెవి నా చేతిలో పెట్టి, వంగి బూట్ల తాళ్లు కట్టుకోసాగారు. అవి అప్పటికే కట్టి ఉన్నాయి.

డ్రైవరూ నేనూ ఆరు పెట్టెలూ టైర్ల షాపుకు చేర్చాం. యజమాని ఒక రెక్క తిప్పి చూశాడు.

"ఈ పేరెవరిది?"

"ఓ పెద్దమనిషిది."

"గాలి బాగా వస్తుందా?"

"పేరుతో దానికి పనిలేదండీ."

రెండు టైర్లిచ్చాడు. డ్రైవర్ వాటిని ముందుకు వేసి, "వెనకవాటితో ఇంకో వారం నెట్టుకొస్తా" అన్నాడు. సోమవారం బండి కదిలింది.

ఆ తర్వాతి ఆదివారం కాంట్రాక్టరుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. ఇక సెక్రటరీ పని ఊడినట్టే అనుకున్నాను. వ్యాను కూడా ఆపేస్తారేమో.

"మా నాన్న ఫ్యాన్లు టైర్ల షాపులో కనబడ్డాయేంటమ్మా?"

"నేనే ఇచ్చానండీ. వాటికి రెండు టైర్లు తెచ్చాను."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "అక్కడ రోజుకి వందమంది కూర్చుంటారు. పనేముంది, పైకే చూస్తుంటారు. పైగా ఆ వీధిలో కరెంటు ఊరికే పోతుంది. పేరు చక్కగా చదువుకోవచ్చు. ఇంకో ఆరు కొనిస్తే పెట్టుకుంటాడా?"

"పెట్టుకుంటాడండీ. అక్కడ కొక్కేలకు కొదవలేదు."

ఆ ఆరింటికి ఇంకో రెండు టైర్లు వచ్చాయి. బుధవారం వ్యాను నాలుగు కొత్త టైర్ల మీద వెళ్లింది. గుంత వచ్చినా పిన్ని సీటు మీద ఎగిరిపడలేదు.

"ఎవరి పుణ్యమే అమ్మాయ్?"

"కాంట్రాక్టరుగారిది పిన్నీ."

"పాపం, ఎంత మంచాయన! మైకులో చదివావా పేరు?"

"వచ్చే ఆదివారం చదవాలి. రెండుసార్లు చదవమన్నారు."