పుంజుకి రెండో పరీక్ష

మా ఆయన ఖంపోన్‌కి లోకంలో రెండే ప్రాణాలు. ఒకటి మా నల్లతోక పుంజు ఫెత్, రెండు వాళ్ళమ్మ. మూడో స్థానం కోసం నేను పద్నాలుగేళ్ళుగా పోటీలో ఉన్నాను. మాకు పిల్లల్లేరు. "గొడ్రాల్ని కట్టబెట్టాను నా కొడుక్కి" అని మా అత్త నాకు వినబడేలాగే గొణుగుతుంది. ఆయన అవుననడు, కాదనడు. నన్ను మాత్రం మా కాలసిన్ జిల్లాలో ఉన్న గుళ్ళన్నీ తిప్పాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆస్పత్రిలో అన్నీ చూసి, "నీలో లోపం లేదమ్మా, మీ ఆయన్ని తీసుకురా" అన్నారు. "మగాడికి పరీక్షేంటే?" అన్నాడు ఈయన. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

అలాంటి మనిషి, పశువుల శాఖ వాళ్ళు నాటుపుంజుల వీర్యం పరీక్షిస్తారని తెలియగానే అందరికంటే ముందు వెళ్ళి పేరు రాయించాడు. నెగ్గిన పుంజు వీర్యం జిల్లాలో పెట్టలన్నిటికీ వేస్తారట.

ఆ రోజు పొద్దున్నే ఫెత్‌ని పందేనికి తయారుచేసినట్టే తయారుచేశాడు. పసుపునీళ్ళతో తుడిచాడు. తర్వాత బియ్యపు సారాలో గుడ్డ ముంచి రెక్కల కింద, తొడల మీద, తోక కింద రుద్దిందే రుద్దాడు. పుంజు పెళ్ళికొడుకులా మెరిసిపోయింది.

డాక్టరమ్మ పాచరీ వచ్చి ఫెత్ వీపు నాలుగుసార్లు నిమిరింది. తోక లేచింది. కింద మెల్లగా నొక్కి, చుక్కని గాజు గిన్నెలో పట్టి, సూక్ష్మదర్శినిలో చూసింది. ఊళ్ళో మగాళ్ళంతా చుట్టూ మూగి ఉన్నారు.

"ఒక్క కణమూ కదలట్లేదు. ఐదుకి సున్నా."

"పందెంలో పులి, పెట్ట దగ్గర పిల్లి!" అని ఎవడో అరిచాడు. నవ్వులే నవ్వులు.

మధ్యాహ్నం మా ఆయన జిగురన్నం ముట్టలేదు. మా అత్త మాత్రం తాపీగా, "ఇంకెందుకది? ముదరకముందే కూరొండెయ్యండి" అంది.

ఆయన ఇంతెత్తున లేచాడు. "ఒక్కసారి తప్పితే కోసేస్తారా? వాడి తప్పని నీకెవరు చెప్పారే అమ్మా? ఇంకోసారి చూడకుండా వాడి మీద ముద్రేస్తావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళలో నా కోసం ఆ గొంతు ఒక్కసారీ లేవలేదు. కూర వండేసి ఆయన పళ్ళెంలోనే వడ్డిద్దామా అనిపించింది. కానీ పాపం, పుంజు ఏం చేసింది? ఊళ్ళో మిగతా పుంజుల్ని చూసి డాక్టరమ్మ బండెక్కేలోపు పరుగెత్తి సారా సంగతి చెప్పాను.

ఆవిడ తల పట్టుకుంది. "అయ్యో, చుక్క సారా తగిలినా అవి చచ్చిపోతాయమ్మా! నాలుగు రోజులాగి వస్తాను. ఈసారి మంచినీళ్ళతో తుడిచి, పొడిగా ఆరనివ్వండి, చాలు."

పైన రాస్తేనే ఆ గతి పడితే, రోజూ సాయంత్రం లోపల పోసుకునేవాడి సంగతేంటో అనుకుంటూ ఇంటికొచ్చాను.

నాలుగు రోజుల తర్వాత ఫెత్‌కి ఐదుకి నాలుగున్నర వచ్చింది. మా ఆయన దాన్ని చంకనెత్తుకుని, నవ్వినవాళ్ళందరి ముందూ నిలబడ్డాడు. "చూశార్రా? సరిగ్గా పరీక్ష చెయ్యకుండా ఎవర్నీ గొడ్డు అనకూడదు! అది పాపం! ఏమంటావే దువాన్?"

నేను రవిక మడతలోంచి ఆస్పత్రి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ ముందురోజే వెళ్ళి రాయించుకొచ్చాను, ఆయన పేరు మీద.

"బాగా చెప్పావయ్యా. రేపు పొద్దున తొమ్మిదింటికి."

ఎవరూ నవ్వలేదు. మా అత్త లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చీటీ వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ సాయంత్రం సీసా మూత తియ్యలేదు.

తెల్లారి నేను లేచేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బండి మీద కూర్చున్నాడు. వెనక ఎక్కాను. వీధి మలుపు దాటాక, తల తిప్పకుండా, మెల్లగా అడిగాడు:

"ఏమే... అక్కడ కూడా వీపు నిమురుతారా?"