ఏసోబు రిక్షా

"లోకంలో ఆడాళ్ళందరి కడుపులూ చూసొస్తావు, మా అబ్బాయి కడుపు ఎవరు చూస్తారమ్మా?" అంది మా అత్త, నేను బట్టలు జాడిస్తుంటే. పక్కనే పళ్ళు తోముకుంటున్న మా ఆయన ఇమ్మానియేలు మంచి మాట విన్నట్టు నవ్వాడు. నాకు ఏడో నెల. వంగితే ఊపిరాడదు. అయినా ఆయన చొక్కాలన్నీ పిండి ఆరేశాకే పనిలోకి బయల్దేరాను.

అది ఎనభై ఆరు మార్చి. గుంటూరు నిండా మిరపకాయల ఘాటు. మిర్చి కొట్ల వెనక గుడిసెల్లో నేను ఆరోగ్య కార్యకర్తని. అక్కడివాళ్ళు మందులమ్మ అంటారు. 'బరువులెత్తొద్దు, మధ్యాహ్నం కాసేపు పడుకో, కడుపునిండా తిను' అని కడుపుతో ఉన్నవాళ్ళకి చెప్పడం నా పని. చెప్తూ చెప్తూ ఒక్కోసారి నాకే ఒళ్ళు మండేది. ఎవరికి చెప్తున్నాను? పొద్దుటినుంచి దగ్గుతూ మిరపకాయల తొడిమలు తీసి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చునే మనిషికి. "ముందు భర్తనీ అత్తనీ ఒప్పించాలమ్మా" అన్నారు ట్రైనింగులో డాక్టరుగారు. అలాగే ఒప్పిస్తూ వచ్చాను. బతిమాలాను, నవ్వాను, వాళ్ళు పోసిన టీ తాగాను. ఆడదాని ఒంటి గురించి ఆమెతో తప్ప అందరితోనూ మాట్లాడాను.

ఆ రోజు వెళ్ళేసరికి పున్నమ్మ తల పట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. నెలలు నిండుతున్నాయి. మొహం ఉబ్బిపోయి కళ్ళు చిన్నవయ్యాయి.

"మందులమ్మా, నువ్వు ఇద్దరుగా కనపడతన్నావే" అంది.

ఇలాంటివాళ్ళకి ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. "ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నాను.

"మేం కన్లేదా?" అంది ఆమె అత్త వీరమ్మ. "వీణ్ణి పత్తి చేలో కన్నా. ఈ కాలంవాళ్ళకి కడుపొస్తే రోగమే."

వాడు, పున్నమ్మ మొగుడు ఏసోబు, గుమ్మం ముందు తన రిక్షా మీదే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "ఇప్పుడు రైలొచ్చే టయిం. బేరం పోద్ది. రేపు తీసకపోతాలే" అన్నాడు.

రిక్షావాడి పెళ్ళానికి రిక్షా లేదు! బతిమాలే మాటలు అలవాటుగా నోటిదాకా వచ్చాయి. మింగేశాను. పున్నమ్మ పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు చెప్పు. వెళ్దామా?"

ఆమె మొగుడి వైపు చూసింది.

"అతన్ని కాదు పున్నమ్మా, నిన్ను అడుగుతున్నా."

"పోదాం. నాకు బయమేస్తంది."

లేచి బయటికొచ్చాను. "దిగు" అన్నాను ఏసోబుతో.

"ఏంది?"

"దిగు. నువ్వు తొక్కకపోతే మేమే తోసుకుపోతాం."

పక్క గుడిసెలోంచి జైతున్‌బీ వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. "లే అన్నా, లే. మీ మొగోళ్ళ బేరాలు పాడుగాను!" అంది. తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు చేతులు దులుపుకుని, ఏసోబు దిగగానే పున్నమ్మని ఎక్కించి వెనకనుంచి తోశారు. మూడు వంతెనల దగ్గర జనం ఆగి చూస్తుంటే ఏసోబు పరిగెత్తుకొచ్చాడు. "అందరూ చూస్తన్నారు, ఇటియ్యండి" అని సీటెక్కి తొక్కాడు. పెళ్ళాం ప్రాణం పోతుందంటే రాని పరుగు పరువు పోతుందంటే వచ్చింది.

ఆసుపత్రి వరండాలోనే పున్నమ్మకి ఫిట్స్ వచ్చాయి. ఇంజెక్షన్లిచ్చి లోపలికి తీసుకెళ్ళారు. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. ఇంకాస్త ముందు తేవాల్సిందన్నారు. వీరమ్మ రొమ్ము బాదుకుంటూ, "దీని నోరే మంచిది కాదు" అని నన్నే తిట్టింది. ఏసోబు "మొగబిడ్డేనా?" అని అడిగాడు.

గోడ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి సిస్టరు కూర్చోబెట్టి బీపీ చూసింది. "నీకూ ఎక్కువగానే ఉంది రెబ్కా. రేపొచ్చి చేరు. కదలకుండా పడుకోవాలి" అంది. తర్వాత, అలవాటే కాబోలు, "ఇంట్లో అడిగి రా" అంది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. బిడ్డ పోయిన సంగతి నాకంటే ముందే ఇంటికి చేరింది. "కడుపుతో ఉండి శవాన్ని చూసొచ్చింది, తలకి పోసుకోమను" అంది అత్త.

"నేను పక్కింట్లో అన్నం తిన్నాను, తెలుసా? రేపట్నుంచి ఆ పని మానెయ్. నువ్వు లేకపోతే వాళ్ళు కనరా?" అన్నాడు ఇమ్మానియేలు. నా మొహం ఎలా ఉందో ఆయన చూడలేదు. నేను వెళ్ళి పడుకున్నాను. వంట చెయ్యకుండా పడుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. వంటింట్లో గిన్నెలు విసిరిన చప్పుడు విన్నాను. లేవలేదు.

తెల్లారాక రెండు చీరలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఎక్కడికి?" అన్నాడు.

"ఆసుపత్రిలో చేరడానికి. నాకు బీపీ ఎక్కువైంది."

"ఎవర్నడిగి?"

"అడగడానికి ఆగలేదండి. చెప్పి వెళ్దామని ఆగాను."