గీత కింది మాట

శ్రీపాదరావు మా ఊరికి వచ్చింది ఎనభై ఏడు ఎండాకాలంలో. గోనెగండ్లలో నాకు ఐదో తరగతి దాకా చదువు చెప్పిన భీమరావు పంతులుగారి తమ్ముడి కొడుకు ఆయన. హైదరాబాదులో కంప్యూటరు చదువు చదువుతున్నాడు. "కాశప్ప రాత కుదురుగా ఉంటుంది, అడిగినదానికంటే ఎక్కువ మాట్లాడడు, వాణ్ని వెంట పెట్టుకో" అని పంతులుగారు చెప్పి పంపించారట.

మనిషి నవ్వులాటకు అనే మాట ఏది, నిజంగా అనే మాట ఏది అని కంప్యూటరుకు నేర్పించాలట. అందుకు జనం నవ్వులాడుకునే మాటలు వెయ్యి కావాలి. ఆయన దగ్గర ఒక టేపురికార్డరు, అచ్చువేసిన అట్టముక్కలు ఒక సంచి నిండా ఉన్నాయి. ఒక్కో అట్టమీద ఐదు గడులు. ఎవరు అన్నారు, ఏమి అన్నారు, ఎంతమంది విన్నారు, ఎంతమంది నవ్వారు, ఎందుకు నవ్వారు.

"వరస రాసేదానికి గడి లేదే సారూ," అన్నాను.

"వరస అంటే?"

"అన్నోడు ఇన్నోనికి బావనా, అన్ననా, మామనా అని."

ఆయన ఒక అట్ట తిప్పి చూశాడు. "అవన్నీ ఇప్పుడే చెప్తే యంత్రం తికమకపడుతుంది కాశప్పా. ముందు మాట నేర్చుకోనీ. బంధుత్వాలు తర్వాత చూద్దాం."

సరే అన్నాను. మా దగ్గర బావను బామ్మర్ది ఏమైనా అనొచ్చు. అదే మాట అన్నను తమ్ముడు అంటే కర్రలు లేస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఇంకొక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

నవ్వులాటల కోసం నేను ఆయన్ను మొదట తీసుకుపోయింది యేసేపు ఇంటికి. యేసేపు నోరు తెరిస్తే కలుపు తీసేవాళ్లు కొడవలి కింద పెట్టి వింటారు. యేసేపు అక్క మేరిని చేసుకున్నవాడు జయన్న. ఇద్దరికీ సర్కారు ఇచ్చిన ఎర్రచేలు మూడేసి ఎకరాలు, గట్టుకు అటొకటి ఇటొకటి. ఇద్దరికీ ఒక్కొక్క ఎద్దే ఉంది. రెండూ కలిపితేనే జత. వాన పడితే ఒకనాడు ఈ చేను, ఒకనాడు ఆ చేను. పన్నెండేళ్లుగా అట్లే సాగుతోంది. జత విడిపోతే ఇద్దరికీ సేద్యం లేదు.

ఆ పొద్దు జయన్న, మేరి కూడా అక్కడే ఉన్నారు. శ్రీపాదరావు టేపు పెట్టి, ఏదైనా చెప్పమన్నాడు. యేసేపు బావతట్టు ఒకసారి చూసి మొదలుపెట్టాడు.

"పోయినేడు మా బావ ఎద్దు సాల్లోనే పండుకున్నె సారూ. పొడిసినా లెయ్యదు. నేల పదును ఆరిపోతాంది. మా బావ ఏం జేసినాడు, దాని జాగాలో కాడి కింద తనే మెడ పెట్టినాడు. రెండు సాళ్లు తిరిగినాక మా ఎద్దు నిలబడి నాతట్టు సూసె. 'యేసేపన్నా, ఈ కొత్తది బాగుంది. గడ్డి అడగదు, పేడెత్తే పనిలేదు. పాతదాన్ని సంతకు తోలెయ్' అన్నట్టు సూసె."

మేము కొంచెం నవ్వి జయన్న ముఖం చూశాం. జయన్న బీడీ నిదానంగా పీల్చి, పొగ వదిలాడు.

"మీ అక్క సేతికూడు తిని పద్దెనిమిదేండ్లు బతికినోనికి కాడి ఒక బరువారా," అన్నాడు.

మేరి చాటలో కొర్రలు చెరుగుతోంది. తల ఎత్తలేదు. "ఆ పొద్దు మెడకు ఆముదం రాసింది నేను సారూ. ఇంట్లోది ఉలకదు పలకదు, కొట్టంలోది ఉలకదు పలకదు. యాదానికి రాస్తాండానో నాకే తెలీకపాయె."

అప్పుడు వచ్చింది అసలు నవ్వు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు జయన్న. దగ్గు వచ్చి, కళ్లలో నీళ్లు కారి, "అబ్బ, సాలు లేయే," అని భార్యను కసురుకున్నాడు.

శ్రీపాదరావుకు కూడా నవ్వు ఆగలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, ఎందుకు నవ్వారో చెప్పమని అడిగాడు.

"నగు ఏంటికొచ్చిందని అడిగితే యాడ సెప్తాం సారూ," అన్నాడు యేసేపు. "ఆ మిషనుకు ఆకలేస్తాదా?"

"వేయదు."

"సేద్యం ఉందా?"

"లేదు."

"బామ్మర్ది?"

"లేడు."

"అట్లయితే అది సుకంగా ఉంది. దానికేంటికి సారూ ఈ కర్మ."

ఎందుకు నవ్వారు అన్న గడిలో, మనిషిని ఎద్దుతో పోల్చినందుకు అని శ్రీపాదరావు రాయించాడు.

మరునాడు పంతులుగారి ఇంటి అరుగుమీద కూర్చుని టేపు విని అట్టలమీదికి ఎక్కించాం. "ఒక అట్టమీద ఒక్కరి మాటే ఉండాలి. హాస్యం ఎక్కడ ముగుస్తుందో చూసి అక్కడ గీత గీయి," అన్నాడాయన. నేను పెన్సిలు తీసుకుని, 'సంతకు తోలెయ్' అన్నదాని కింద గీత గీశాను. గీత కింద జయన్న మాట, మేరి మాట మిగిలాయి. అవి లేకుండా అట్ట చక్కగా సరిపోయింది. గీతదాకా ఉన్నదాన్ని ఆయన ఇంకో క్యాసెట్టులోకి ఎక్కించుకున్నాడు.

తర్వాత పరీక్ష. మాట పుట్టిన ఇంట్లో కాకుండా, తెలియనివాళ్ల మధ్య వినిపించి ఎంతమంది నవ్వుతారో లెక్క వేయాలి. సంతనాడు ఎమ్మిగనూరు బస్టాండు పక్కన వీరన్న హోటల్లో బల్లమీద టేపు పెట్టాం. సంతకు వచ్చినవాళ్లు, మగ్గాల తట్టు నేతవాళ్లు, మంత్రాలయం బస్సు కోసం ఆగినవాళ్లు చుట్టూ చేరారు. నేను తలలు లెక్కపెట్టి ముప్పై ఒకటి అని రాశాను.

నాలుగో మాటగా యేసేపు గొంతు వచ్చింది. అప్పుడే గుమ్మం దగ్గర జయన్న కనిపించాడు. బావి కింద రెండెకరాలు కౌలుకు అడగడానికి హనుమన్న అనే పెద్దరైతు దగ్గరికి వచ్చాడు. హనుమన్న లోపల కాఫీ తాగుతున్నాడు. ఎండు చేలకు తోడు ఆ రెండెకరాలు దొరికితే, వాన తప్పినా తిండికి లోటుండదని బావా బామ్మర్దులు నెలనాళ్లుగా అనుకుంటున్నారు.

టేపులోని గొంతును జయన్న గుర్తుపట్టాడు. ముఖంలో నవ్వు మొదలైంది. నన్ను చూసి తల ఆడించాడు. ఎద్దు మాట అయిపోయింది. జనం గొల్లున నవ్వారు. జయన్న నోరు కొంచెం తెరిచి అట్లే నిలబడ్డాడు. తరువాత రావలసింది తన గొంతు. దానికోసం చూస్తున్నాడు.

టేపులో టక్కుమని చప్పుడైంది. ఆదోని జిన్నింగు మిల్లు కూలివాడు చెప్పిన ఇంకేదో మాట మొదలైంది.

"ఇది యేసేపు గొంతు గదప్పా," అన్నాడు ఒకడు. "అట్లయితే వాళ్ల బావంటే, అదో, ఆడ నిలబడినాడే."

ముప్పై తలలు తిరిగాయి. హనుమన్న గ్లాసు కింద పెట్టాడు.

"ఏమప్పా జయన్నా, కౌలు అడగను వచ్చినావా? సూద్దాంలే. ముందు మీకుండేది రెండెద్దులో మూడెద్దులో లెక్క తేల్చుకొని రా."

మళ్లీ నవ్వారు. ఈ నవ్వు టేపుది కాదు. జయన్న ముఖంమీద మొదలైన నవ్వు ఇంకా ఉంది, దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలిసినట్టు లేదు. తలపాగా సర్దుకుని బయటికి నడిచాడు.

శ్రీపాదరావు వెనక్కి తిరిగి ఉన్నాడు. ఇదేమీ చూడలేదు. "ఎంత?" అన్నాడు.

నవ్వినవారు ముప్పై అని రాశాను. అన్నింటికంటే ఇదే ఎక్కువ అని ఆయన సంతోషపడ్డాడు.

వారం తిరిగేసరికి శ్రీపాదరావు సంచి నింపుకుని హైదరాబాదు పోయాడు. జయన్నకు మూడో ఎద్దు అనే పేరు నిలిచింది. బస్సుమీద పోయేవాళ్లు కూడా కేక వేసి పోయేవారు. నేను యేసేపుకు జరిగింది చెప్పాను. మట్టిలో పుల్లతో గీస్తూ అన్నాడు.

"నా బావను నేనంటి. మజ్జన నగేదానికి వాళ్లెవరు అన్నా?"

బావ ఇంటికి రెండుమార్లు పోయాడట. రెండుమార్లూ ఇంట్లో లేడన్నారు. మూడో సంతలో జయన్న తన ఎద్దును అమ్మేశాడు.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. రాత్రంతా పడి తెల్లారి ఆగింది. ఎర్రనేలలో ఆ పదును నాలుగు దినాలకు మించి నిలవదు. ఊరంతా మడకలు ఎత్తుకుని దున్నడానికి పోతుంటే యేసేపు నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు రా అన్నా. బావను అడుగుదాం. ఎద్దు లేకున్నా, ఇద్దరం కలిసి యాడన్నా ఒకదాన్ని బాడిగకు తెచ్చుకుందాం."

జయన్న గుడిసె ముందర మంచం వాల్చి ఉంది. మమ్మల్ని చూసి ఆయన లేచి నిలబడ్డాడు. పై కండువా తీసి మంచం దులిపాడు.

"రాండి యేసేపుగారూ. కూసోండి," అన్నాడు.

యేసేపు కూర్చోలేదు. "ఏం బావా, నన్నేంటికి గారూ అంటాండావు."

"పెద్దోల్లు. మీ మాట హైదరాబాదుదాంకా పోయింది. ఏం పనిమీద వచ్చినారు?"

"నన్ను తిట్టు బావా. కావాలంటే సెప్పు తీసుకొని కొట్టు."

"తప్పండీ. మిమ్మల్ని నేనెందుకు కొడతాను."

మేరి లోపలినుంచి వచ్చి, కడిగిన లోటాలో నీళ్లు తమ్ముడి ముందర పెట్టింది. ఎప్పుడూ ఆ ఇంట్లో యేసేపు కడవలో చేయి పెట్టి తనే ముంచుకుని తాగేవాడు. ఆమె తమ్ముడి ముఖం చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నేను చెప్పాను. "జయన్నా, గీత గీసింది నేను. నీ జవాబు కింద మిగిలిపాయె. టేపులో అది లేకపాయె. తప్పు నాది."

"జవాబు ఉందని ఎవరికి తెలుసు కాశప్పన్నా," అన్నాడు జయన్న. కోపంగా అనలేదు. "ఎమ్మిగనూరంతా ఇల్లిల్లూ తిరిగి సెప్పుకొని రావల్నా?" తర్వాత యేసేపుతట్టు తిరిగి, "నేను, మేరి వచ్చే మంగళవారం గుంటూరుతట్టు పనికి పోతాండాము. చేను బీడుంటాది. మీకు తెలపాల కదా, గట్టు పక్కోల్లు," అన్నాడు.

లోటాలో నీళ్లు అట్లే ఉన్నాయి. మేము వచ్చేశాం.

యేసేపు మూడు దినాలు ఎద్దుకోసం ఊళ్లు తిరిగాడు. పదునులో ఎద్దును ఎవరు వదులుతారు. నా జత నా చేలో ఉంది, అది కూడా చెప్పాలి. ఐదోనాడు పొద్దున నా పని ముగించి జతను యేసేపు చేనికి తోలుకుపోయాను. మడక దిగలేదు. పెళ్లలు లేచాయి, పెళ్లల కింద నేల తెల్లగా పొడిగా ఉంది. పావు ఎకరా దున్ని, ఎద్దుల మెడలు చూసి, యేసేపే చాలన్నాడు. ఆ ఏడు మళ్లీ విత్తే వాన పడలేదు.

శ్రావణంలో ఉరుకుంద తిరునాళ్ల ముందర శ్రీపాదరావు జాబు రాశాడు. 'కాశప్పకు ఆశీస్సులు. యేసేపుకు తప్పక చెప్పు. అతని మాటను యంత్రం హాస్యమని సరిగ్గా గుర్తుపట్టింది. మా ప్రొఫెసరుగారు చాలా మెచ్చుకున్నారు.' ఇంకో సంచి అట్టలు పంపుతానని, వచ్చే ఎండాకాలానికి ఇంకో వెయ్యి కావాలని రాశాడు.

జాబు తీసుకుని యేసేపు ఇంటికి పోయాను. చదివి వినిపించాను.

"నగిందా?" అన్నాడు.

"నగలేదు. గుర్తుపట్టిందంట."

యేసేపు తల ఊపాడు. ఆయన భార్య భీమక్క పొయ్యి దగ్గర ఉంది. విత్తనానికని వలిచి ఉంచిన వేరుశనగ బుడ్డలు, మూడెకరాలకు సరిపోయేవి, గోతంలో ముక్క వాసన పడుతున్నాయట. ఇంక నిలవవని పెంకుమీద వేయిస్తోంది. మాడకుండా తిప్పుతూ, ఒక పిడికెడు తీసి మోదుగాకులో పోసి నా ముందర పెట్టింది.

"తిను కాశప్పన్నా," అన్నాడు యేసేపు. "ఉప్పు సరిపోయిందో లేదో సెప్పు."

తిన్నాను. సరిపోయిందని చెప్పాను.