లా సీటుకు వాయిదా

ఆ ఇంట్లో ఏ విషయమైనా తేలిందంటే అది ఇంటాయన ఊళ్లో లేనప్పుడే తేలి ఉంటుంది. ఆయన ఉండగా ఏదీ తేలదు. వంటింట్లో కుళాయి కారుతోందంటే "చూద్దాంలే" అంటాడు. కిటికీ తలుపు ఊడి చేతికొచ్చిందంటే "పై వారం" అంటాడు. తప్పంతా ఆయనదే అనడానికీ లేదు, చేసే పని అలాంటిది. ముప్ఫై ఏళ్లుగా ఒక పెద్ద లాయరు దగ్గర గుమస్తా. లాయరుగారు ఒక కోర్టులో ఉండగా ఇంకో కోర్టులో కేసు పిలుస్తారు. అప్పుడు మన గుమస్తా లేచి, నడుం కాస్త వంచి, చేతులు కట్టుకుని గడువు అడగాలి. ఎంత కటువైన జడ్జీ అయినా ఆయన మొహం చూస్తే కాదనలేడు. ఆ ప్రతిభకు మెచ్చి కోర్టులో అందరూ వాయిదాల మాస్టారని పిలుస్తారు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు, అదీ ఖర్మ.

భార్యది సరిగ్గా తిరగేసిన ఉద్యోగం. కరెంటాఫీసులో బిల్లులు కట్టించుకునే కౌంటరు. అద్దంలో అరచెయ్యి పట్టేంత కంత, కంతకు అవతల ఊరంతా, ఇవతల ఆవిడ. టైమైతే కంతకు చెక్క అడ్డం పెట్టేస్తుంది. బస్సు దొరకలేదమ్మా అన్నా, పిల్లాడికి జ్వరమమ్మా అన్నా "రేపు ఫైనుతో కట్టండి" అంటుంది. తిట్టేవాళ్లు తిట్టిపోతారు, ఆవిడ టిఫిన్ డబ్బా సర్దుకుని ఇంటికొస్తుంది. ఈ ఇద్దరికీ పెళ్లి కుదిర్చిన మహానుభావులు ఎదురైతే నిలబెట్టి నాలుగు కడిగేయాలని ఆవిడకు చాలాసార్లు అనిపించింది.

వీళ్లకు ఒక్కతే కూతురు. లా ఎంట్రన్సులో మంచి ర్యాంకు తెచ్చుకుంది. మంచి ర్యాంకంటే మరీ మంచిదీ కాదు, తీసిపారేసేదీ కాదు. అందుకే రెండు చోట్ల సీటొచ్చింది, కొంపలో శాంతి పోయింది.

ఒకటి ఊరి చివరి అద్దాల కాలేజీ. అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంటుంది గానీ ఊరంతా దాన్ని అలాగే అంటారు. చదువైపోగానే పెద్ద పెద్ద కంపెనీలు వచ్చి పిల్లల్ని ఎగరేసుకుపోతాయని పేరు. ఐదేళ్ల ఫీజూ హాస్టలూ కలిపి లెక్కేస్తే, వీళ్లున్న రెండు గదుల ఇల్లు అమ్మినా ఇంకా కొంత వెతుక్కోవాలి. ఈ పిల్ల ర్యాంకుకు మొదటి ఏడాది ఫీజులో సగం తగ్గిస్తామన్నారు, అదీ శుక్రవారంలోగా కడితేనే. రెండోది కోర్టు వెనక వీధిలోని సర్కారు లా కాలేజీ. దాని ఫీజు ఆవిడ జీతంలోంచే కట్టుకుపోవచ్చు. అయితే గోడలు పెచ్చులూడుతుంటాయి, కంపెనీ అన్నది ఆ గేటు మొహం చూసి ఎరగదు. అక్కడ చదివిన వాళ్లు నల్లకోటు వేసుకుని, ఎవరో ఒక సీనియర్ వెనకాల ఫైళ్లు మోస్తూ మొదలుపెట్టాలి. దానికి గడువు ఆ పై గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట.

పిల్ల మనసు ఎటుందో వేరే చెప్పక్కర్లేదు. అద్దాల కాలేజీ వాళ్లిచ్చిన రంగుల పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. నోటితో మాత్రం, "ఏదో ఒకటి చెప్పండి. అదైనా సరే, ఇదైనా సరే" అని పొద్దునోసారి, సాయంత్రమోసారి అడుగుతోంది.

గుమస్తా ఏమన్నాడు? "రెండు పక్షాల వాదనా వినాలి కదమ్మా" అన్నాడు.

ఇక చూడండి, ముందుగది కోర్టుహాలైపోయింది. మొదట వచ్చినవాడు ఆవిడ తమ్ముడు. బ్యాంకులో లోన్ల బల్ల దగ్గర కూర్చుంటాడు. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే అందుకున్నాడు.

"బావా, ఆలోచించకు. అద్దాల కాలేజీలో పడేయ్. లోను నేనిప్పిస్తా. చదువయ్యాకే కట్టడం మొదలు."

"కట్టేదెవరు?" అంది ఆవిడ.

"అదే కట్టుకుంటుందక్కా. ఉద్యోగం వస్తుందిగా."

"రాకపోతే?"

"అపశకునం మాటలెందుకక్కా."

"అపశకునమేంట్రా, లెక్క అడుగుతున్నాను."

తమ్ముడు టీ తాగినంతసేపూ నీళ్లు నమిలి, హామీ కింద ఇంటి కాగితాలు పెడితే పని తొందరగా అవుతుందని చల్లగా చెప్పి వెళ్లిపోయాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. సొంత తమ్ముడైపోయాడు గానీ, కౌంటరుకు అవతల నిలబడి ఉంటే ఆ క్షణమే చెక్క అడ్డం పెట్టేది.

తర్వాత లాయరుగారి వాదన. ఆయన ఇంటికి రాడు కాబట్టి గుమస్తానే మోసుకొచ్చాడు.

"కోర్టుకి అద్దాలతో పనేంటోయ్, నేనూ సర్కారు కాలేజీవాణ్ణే అన్నారు. ఆరేడేళ్లు ఓపిక పడితే పిల్ల నిలదొక్కుకుంటుందన్నారు."

"ఆ ఆరేడేళ్లు తిండెక్కడిదంట?"

"అది అడగలేదు."

"ఆయన కొడుకు ఏ కాలేజీలో చదివాడు?"

గుమస్తా చొక్కా గుండీ విప్పుకుంటూ, "అద్దాల కాలేజీలోనే" అని నసిగాడు.

మధ్యలో ముగ్గురూ కలిసి ఆ కాలేజీ చూడ్డానికి కూడా వెళ్లారు. నేల మీద నడుస్తుంటే కింద మన మొహం మనకే కనపడుతుంది. ఉద్యోగాల వ్యవహారం చూసే ఆయన టై కట్టుకుని, గోడ నిండా పెట్టిన పిల్లల ఫొటోలు చూపించాడు. ఒక్కో ఫొటో కింద ఒక కంపెనీ పేరు, ఒక జీతం. జీతాలు చూసి గుమస్తా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పిల్ల మాత్రం ఫొటోలన్నీ నిదానంగా చూసి, "సార్, బ్యాచికి నూట ఇరవై మంది అన్నారు. ఇక్కడ పదిమందే ఉన్నారు. మిగతావాళ్లు?" అని అడిగింది.

"వాళ్లు మంచి మంచి అవకాశాల అన్వేషణలో ఉన్నారమ్మా" అన్నాడాయన.

అంటే ఇంట్లో ఖాళీగా ఉన్నారని. ఆ మాట సూటిగా చెప్పడానికి కూడా ఫీజు కట్టాలి కాబోలు. తిరిగొస్తుంటే పిల్ల, "నేను ఆ పదిమందిలో ఉండగలనమ్మా" అంది. ఉండగలదేమో కూడా. అసలు బాధంతా అదే. చదవని పిల్లయితే ఒక్క మాటతో పోయేది.

ఆ రోజు నుంచి ఆవిడ మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. అవునంటారా కాదంటారా చెప్పండి అంది. చెప్పాల్సింది మీరే, తండ్రి మీరు అంది. ఆయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, "తొందరపడితే ఎలా" అన్నాడు. శుక్రవారం పొద్దున ఆవిడ డ్యూటీకి బయల్దేరుతూ, "గడువు ఈరోజుతో ఆఖరండీ" అని మళ్లీ గుర్తుచేసింది.

"అర్జీ పెట్టాన్లే" అన్నాడాయన ధీమాగా.

"ఏం అర్జీ?"

"నిర్ణయానికి రెండు వారాలు గడువు కావాలని. లాయరుగారి లెటర్‌హెడ్ మీద టైపు కొట్టించి పంపా. మొదటిసారి అడిగితే ఎవరూ కాదనరు."

"అది కోర్టు కాదండీ బాబూ, కాలేజీ. ఫీజుకు వాయిదాలుంటాయా?"

"నీ కౌంటరులో ఉండవేమో. లోకమంతా నీ కౌంటరే అనుకుంటే ఎలా?"

సాయంత్రం దాకా కాలేజీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ మాటిమాటికీ ఫోను తీసి చూస్తుంటే ఆయన హాయిగా నవ్వాడు. కోర్టులో అర్జీ ఇచ్చాక జడ్జీ ఏమీ అనకుండా పక్క ఫైలు తీశాడంటే గడువు ఇచ్చేసినట్టే లెక్క అని వివరించాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం మరి, మనకేం తెలుసు. పిల్ల తండ్రి మొహంలోకి చూసి, నిజమే కాబోలనుకుని, నమ్మి, అన్నం తింది.

ఆ పై గురువారం పొద్దున అద్దాల కాలేజీ వాళ్లు కొత్త జాబితా పెట్టారు. పిల్ల ఫోనులో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. తన పేరు లేదు. ఫోను చేస్తే అటువైపు అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. శుక్రవారం ఫీజు రాలేదు కనుక సీటు వెయిటింగులో ఉన్నవాళ్లకు వెళ్లిపోయిందంది. అర్జీ ఏదో వచ్చినట్టుంది, అలాంటివి చదివే పద్ధతి తమకు లేదంది.

ఆవిడ డ్యూటీకి సెలవు చెప్పి చేతి సంచీ గోడకేసి కొట్టింది. "అయిందా? తృప్తిగా ఉందా? పిల్ల కష్టపడి తెచ్చుకున్న సీటు, మీ లెటర్‌హెడ్డుకి బలైపోయింది."

గుమస్తా మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది. తెల్లకాగితం ముందేసుకుని కలం తీశాడు. "జాప్యం మన్నించమని ప్రిన్సిపాలుకు రాస్తా. లాయరుగారితో ఫోను కూడా చేయిస్తా. జవాబొచ్చేదాకా సర్కారు కాలేజీ సంగతి ఆపుదాం. అక్కడ మనవాళ్లున్నారు, సోమవారం దాకా ఆగమంటే ఆగుతారు."

ఆ మాటకు ఆవిడకు కోపంతో ఒళ్లు తెలియలేదు. ఒంటిగంటకు కౌంటరు మూస్తే రెండో సీటూ గంగలో కలుస్తుంది, ఏడాదంతా పిల్ల ఇంట్లో కూర్చుంటుంది, ఈయన సోమవారమంటాడేంటి. కలం లాగేసుకుంది. "మీకు నోరుందా లేదా? ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్పలేకపోయారు. ఇన్నాళ్లు దాన్ని ఆశలో ఉంచి ఊరించారు."

ఆయన ఖాళీ చేతికేసి చూసుకున్నాడు. "లేదని చెప్పాల్సొచ్చినప్పుడే కదే వాయిదా అడిగేది" అన్నాడు. "కేసు పోతుందని ముందే తెలుస్తుంది. మనల్ని నమ్ముకున్న పార్టీకి చెప్పలేం. ఇంకో వారమన్నా ఆశ పెట్టుకుని బతుకుతాడు కదాని గడువు అడుగుతాం. పిల్ల మొహం చూస్తూ నా వల్ల కాదని చెప్పలేకపోయాను."

ఆవిడ ఇంకా అందుకోబోయింది. నాలుక చివర మాటలు బారులు తీరి ఉన్నాయి. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న పిల్ల లోపలికొచ్చింది.

"నాన్న చెప్పలేడమ్మా. ఆ సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు" అంది. "నువ్వెందుకు చెప్పలేదు?"

ఆవిడ నోరు తెరిచింది. లేదు, కుదరదు, రేపు రండి. రోజూ ఊరందరి మొహానా అనే మాటలే. ఒక్కటీ రాలేదు. ఇన్నాళ్లూ మొగుడి మీద పడి ఇల్లు పీకి పందిరి వేసింది గానీ, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని తను చెప్పిందెప్పుడు? చెప్పాల్సింది మీరే, తండ్రి మీరు అని పదిసార్లు అంది. శుక్రవారం సాయంత్రం ఇక ఏమీ చెయ్యలేమని తెలిశాక, భయంతో పాటు మనసులో ఎక్కడో ఒక బరువు దిగినట్టుండటం కూడా ఆవిడకిప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"మనవల్ల కాదే" అంది చివరికి. "అంత డబ్బు మన దగ్గర లేదు. ఈ ఇల్లు తాకట్టు పెట్టే ధైర్యం నాకు లేదు. నువ్వు ఆ పదిమందిలో ఉంటావనే అనుకుంటున్నాను. అయినా పెట్టలేను."

పిల్ల కుర్చీలో కూలబడి ఏడ్చింది. చిన్నప్పుడు ఏడ్చినట్టు గట్టిగా, ముక్కు కారుతుంటే పట్టించుకోకుండా ఏడ్చింది. గుమస్తా లేచి వెళ్లి దాని తల మీద చెయ్యేశాడు. ఆవిడ గడియారం వైపు చూసి, పిల్ల సర్టిఫికెట్లు సంచీలో సర్దింది.

ఇంకో మాట లేకుండా ముగ్గురూ బస్సెక్కారు. గుమస్తాకు వెనకాల ఎక్కడో సీటు దొరికింది. తల్లీకూతుళ్లు ముందు పక్కపక్కనే కూర్చున్నారు. సర్కారు కాలేజీ చెడ్డదేం కాదని, జడ్జీ పరీక్షకు అక్కడి పిల్లలే ఎక్కువ కూర్చుంటారని ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది. పిల్ల తలూపింది.

"తెలుసమ్మా. కోపం కాలేజీ గురించి కాదు" అంది కిటికీ బయటికి చూస్తూ. "ముందే చెప్పుంటే ఆ రోజే ఏడ్చేసి ఊరుకునేదాన్ని. నాకు మీ సీటు వద్దని నేనే వాళ్లకు రాసేదాన్ని. ఇప్పుడు వాళ్లే నన్ను తీసేశారు."

సర్కారు కాలేజీ స్టాపు వచ్చింది. ఆవిడ సంచీ చంకలో పెట్టుకుని లేచి, "దిగుదాం పద" అంది.