ఆఫ్రికా పండుగకు నాసర్ చాచా మేళం

శ్రీకళ నోట్లో నువ్వుగింజ నానదు. మన్సూరాబాద్‌లో కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట కొనేలోపు, అమ్మే ఆవిడ కోడలి సంగతులన్నీ తెలుసుకుని, తన సంగతులు రెండింతలు చెప్పి మరీ వస్తుంది. అలాంటి తల్లికి పుట్టిన ఇందు మాత్రం నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటుంది.

జూన్‌లో బడంగ్‌పేట్ నుంచి ఇల్లు మారి, ఇందును ఇక్కడి బళ్లో ఏడో తరగతిలో చేర్పించారు. ఆ క్లాసు పిల్లలంతా నర్సరీ నుంచీ ఒకే గుంపు. నవంబరు వచ్చినా ఇందు మధ్యాహ్నం డబ్బా ఒక్కతే తినేది. "నీతోని ఎవ్వరు మాట్లాడరా బిడ్డా?" అని అడిగితే, "నేనే మాట్లాడ" అనేది.

ఆ బడిలో ఏటా ఒక ఖండం పేరిట ఉత్సవం చేస్తారు. ఈసారి ఆఫ్రికా వంతు. తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ పిరమిడ్ చేయిస్తానంది, ఇంకొకావిడ సింహం ముసుగులు కుట్టిస్తానంది. శ్రీకళ ఊరుకుంటుందా? "ఆఫ్రికా నుంచి అసలైన డ్రమ్ముల వాళ్లను మా ఇందు పిలిపిస్తది" అని పెట్టేసింది. పూర్తిగా గాలిమాటేమీ కాదు. భర్త నగేశ్‌కు ఎల్బీనగర్‌లో టెంట్ హౌస్ ఉంది. బాటసింగారంలో ఒక రిసెప్షన్‌కు అతను షామియానా వేసినప్పుడు, కెన్యా నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు అక్కడ డ్రమ్ములు వాయించారు. శ్రీకళ వాళ్ల నంబరు కూడా తీసుకుంది.

ఆ మెసేజీ మహిమ చూడండి. మర్నాడు మధ్యాహ్నం ముగ్గురు అమ్మాయిలు డబ్బాలు పట్టుకుని ఇందు పక్కకు చేరారు. ఆదివారం ఇంటికే వచ్చారు. ఇందు వాళ్లతో పెద్దగా మాట్లాడలేదు గానీ, నవ్వింది. తలుపు చాటు నుంచి ఆ నవ్వు చూసి శ్రీకళ మురిసిపోయింది.

తీరా ఉత్సవం ఇంకో మూడు రోజులుందనగా ఫోన్ చేస్తే, ఆ కుర్రాళ్లు చదువు ముగించుకుని వాళ్ల దేశం వెళ్లిపోయారని తెలిసింది.

"ఇప్పుడెట్లయ్యా? అందరు ఇందునే అడుగుతరు. ఉన్న ముగ్గురు దోస్తులు గూడ పోతరు" అని నెత్తి పట్టుకుంది శ్రీకళ.

నగేశ్ తాపీగా టీ తాగుతూ, "నిన్ను గా మెసేజ్ పెట్టుమన్నదెవరు? సరేగని, ఆఫ్రికా దాకెందుకు, మన నాసర్ భాయ్ లేడా?" అన్నాడు.

నాసర్ మర్ఫా డప్పుల మేళానికి పెద్ద. పెళ్లి బరాత్ అయినా, వినాయక నిమజ్జనం అయినా, ఆయన మేళం దరువేస్తే కాళ్లు కుదురుగా ఉండవు. నగేశ్ టెంటు వేసిన సగం పెళ్లిళ్లలో ఆయనదే మోత. ఇందు ఆయన్ని చిన్నప్పటి నుంచీ చాచా అని పిలుస్తుంది.

"గాయన హైదరాబాదోడు గద?"

"ఇప్పుడు హైదరాబాదే. వాళ్లు సిద్దీలు. తాతల తాతలు ఆఫ్రికా నుంచే వచ్చిన్రట."

శ్రీకళ బుర్ర చకచకా పనిచేసింది. సాయంత్రం నాసర్‌ను ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, అసలు సంగతి బయటపెట్టింది. "భాయ్, గా ఒక్క గంట నోరు తెరవకుండ్రి. మీరు మొన్ననే విమానం దిగిన్రని స్కూల్ల చెప్పిన. మీరు తెలుగు మాట్లాడితె నా పని ఖతం."

"నువ్వు ఈడోనివి కాదన్నోళ్లను మస్తు మందిని చూసిన. నోరు తెరవద్దన్నోళ్లను ఇయ్యాలనే చూస్తున్న" అని నాసర్ నవ్వాడు. నవ్వాడు గానీ, టీ సగంలోనే కింద పెట్టాడు. "సరే తియ్యమ్మా. బిడ్డ కోసం."

"నువ్వు గూడ చాచా ఎవరో ఎర్కలేనట్టే ఉండు" అని శ్రీకళ కూతురికి చెప్పింది. హోంవర్కు రాసుకుంటున్న ఇందు తలూపింది. మాట్లాడకుండా ఉండటం ఆ పిల్లకు కొత్తేమీ కాదు గదా.

ఉత్సవం నాడు బడి మైదానం కళకళలాడిపోయింది. థర్మకోల్ పిరమిడ్ గాలికి ఊగుతుంటే ఇద్దరు తండ్రులు చెరోవైపు పట్టుకున్నారు. ఎవరో ముచ్చటపడి పెద్దపులి బొమ్మ చేసి తెస్తే, ఆఫ్రికాలో పులులు లేవని సోషల్ టీచర్ దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. ఇంకో బల్ల మీద, బొబ్బర్లు ఆఫ్రికాలో పుట్టిన పంటేనని చార్టు రాసి గుగ్గిళ్లు పంచుతున్నారు.

ప్రిన్సిపాల్ రామమోహనరావుది గుంటూరు వైపు. ఆయన మైకు పట్టుకుని, వేదిక మీది నాసర్ మేళాన్ని చూపిస్తూ, "వీరు ఆఫ్రికా నుంచి విమానం దిగి సరాసరి మన బడికే వచ్చారండీ! అందుకు మన ఇందుకీ, వాళ్లమ్మగారికీ ధన్యవాదాలు" అన్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది శ్రీకళే.

దరువు మొదలైంది. రెండు నిమిషాల్లో పిల్లలు కుర్చీలు వదిలేశారు, ఆ తర్వాత తల్లులూ వదిలేశారు. వెనక వరుసలో ఒక పెద్దాయన, "గిది అచ్చం మన తీన్మార్ దరువే గదనే" అన్నాడు. శ్రీకళ వినపడనట్టు కొంగు సర్దుకుంది.

ఆ తర్వాత ప్రశ్నల కార్యక్రమం. గ్రూపులో ముందే పెట్టారు గానీ, శ్రీకళ రాయడమే తప్ప చదవదు. రామమోహనరావు ఇందును వేదిక ఎక్కించి, చేతికి ఒక చీటీ, మైకూ ఇచ్చారు. ఇందు సన్నటి గొంతుతో ఇంగ్లీషులో చదివింది. మీది ఏ దేశం? మీ భాష ఏమిటి?

నాసర్ శ్రీకళ వైపు చూశాడు. ఇచ్చిన మాట ప్రకారం డప్పు మీద చెయ్యి పెట్టుకుని ఊరుకున్నాడు. ప్రిన్సిపాల్ అదే ప్రశ్నను చేతులు తిప్పుతూ మెల్లగా మళ్లీ అడిగారు. నాసర్ తల దించుకున్నాడు. "ఆయనకు మాటలే రావేమో" అని ముందు వరుసలో ఎవరో అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. శ్రీకళ పని అడకత్తెరలో పోకచెక్క అయింది. లేచి చెబుదామంటే కూతురి పరువు పోతుంది, ఊరుకుందామంటే పెద్దమనిషి నవ్వులపాలవుతున్నాడు.

ఇందు చీటీ మడిచేసింది.

"ఈయనకు తెలుగొస్తది" అంది మైకులో. "ఉర్దూ వస్తది. మా నాయిన దోస్తు, నాసర్ చాచా. మేమే మాట్లాడొద్దన్నం."

ఇందు మైకును రెండు చేతులా పట్టుకుంది.

"అందరు మాట్లాడుకుంట నవ్వుతుంటె, నోరు మూస్కొని కూసునుడు ఎట్లుంటదో నాకెర్క. చాచా, నువ్వు మాట్లాడు."

ఐదు నెలలుగా ఆ పిల్ల ఆ క్లాసులో ఎట్లా కూర్చుందో శ్రీకళకు ఒక్క ముక్కలో తెలిసిపోయింది. తను చేసిందల్లా ఇంకొకరిని కూడా అట్లా కూర్చోబెట్టడమే. సిగ్గుతో, ఏడుపుతో ఆమె కళ్లు నిండిపోయాయి.

నాసర్ మైకు అందుకున్నాడు. "మాది మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్" అన్నాడు. మైదానం గొల్లుమంది. ఆయనా నవ్వాడు. "ఏసీ అంటె సల్లటి ఏసీ కాదు బిడ్డా. ఆఫ్రికన్ కావల్రీ. నిజాం సర్కార్ల గుర్రపు ఫౌజు. మా తాత తాత గండ్లనే ఉండె. ఏ దేశంల ఓడ ఎక్కిండో మాకు ఎవ్వరు రాసి పెట్టలే, అడుగుదమంటె అప్పటోళ్లు లేరు. గీ దరువు ఒక్కటి మిగిలింది. నిమజ్జనంల మీరు ఎగిరేది గిదే. ఇగ దేశమంటరా, ఇదే."

రామమోహనరావు కళ్లద్దాలు తీసి శ్రీకళ వైపు చూశారు. "మరి విమానమండీ?"

శ్రీకళ లేచింది. "నేనే చెప్పిన సార్. నా బిడ్డకు దోస్తులు కావాలని అబద్ధమాడిన. భాయ్, మాఫ్ చెయ్యుండ్రి."

"ఇకనుంచి గ్రూపులో పెట్టేముందు ఒకసారి నాకు చూపించండమ్మా" అని, ఆయన నాసర్ వైపు తిరిగి, "ఇంకో దరువు వేస్తారాండీ?" అని అడిగారు. నాసర్ వేశాడు. ఈసారి ప్రిన్సిపాల్ కాలు కూడా ఆడింది.

అంతా అయ్యాక శ్రీకళ బిక్కుబిక్కుమంటూ వేదిక వెనక్కి వెళ్లింది. ఇందు ఒక్కతే ఓ మూల ఏడుస్తూ ఉంటుందనే అనుకుంది. అక్కడ నాసర్ చుట్టూ పది మంది పిల్లలు. ఆ ముగ్గురు అమ్మాయిలూ ఉన్నారు. మధ్యలో ఇందు, ఒక బరాత్‌లో చాచా దరువుకు పెళ్లికొడుకు గుర్రం బెదిరి ఫంక్షన్ హాల్ వంటింట్లోకి దూరిన కథ చేతులు తిప్పుతూ చెబుతోంది.

శ్రీకళ మెల్లగా కూతురి భుజం తట్టింది. "బిడ్డా, నాది తప్పయింది, నేను..."

ఇందు వెనక్కి కూడా తిరగలేదు.

"జర ఆగు మమ్మీ, నేను మాట్లాడుతున్న."

శ్రీకళ ఆగింది. చాలాసేపే ఆగింది.